చిగుళ్ల నుంచి గుండెకు

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పెద్ద జ్వరం కాదు. రాత్రి మాత్రం చెమటలతో బట్టలు తడిసిపోయేవి. మాత్ర వేసుకుంటే తగ్గి, మర్నాడు మళ్లీ వచ్చేది. ఆకలి పోయింది, బరువు తగ్గాను, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వైరల్ అన్నారు, టైఫాయిడ్ అన్నారు.

నా గుండెలో మైట్రల్ కవాటం (ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులాంటిది) కొంచెం లీకవుతుందని ముందునుంచీ తెలుసు. ఆ మాట చెప్పగానే ఒక డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా, ముందు బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్షకి, వేర్వేరు చోట్ల రక్తం తీయించారు. ముందే మందు పడితే క్రిములు ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. ఆ జాగ్రత్తే నన్ను కాపాడిందని నమ్ముతాను. స్ట్రెప్టోకోకస్ అనే క్రిమి పెరిగింది, నోట్లో మామూలుగా ఉండే రకం. ఎకోలో (గుండె స్కానింగులో) కవాటానికి అంటుకుని ఏదో ముక్క ఊగుతూ కనిపించింది. ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకీ కవాటాలకీ క్రిములు పట్టే జబ్బు అన్నారు.

దీనికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు నరానికే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. మందు కంటే టెన్షనే ఎక్కువ బాధించింది. ఆ ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. చెయ్యి తిమ్మిరెక్కినా ఉలిక్కిపడేదాన్ని.

క్రిములు ఎక్కడినుంచి వచ్చాయో చూడ్డానికి పళ్ల డాక్టరును పిలిపించారు. ఆయన సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలిచారు. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. నాకు కొన్నిచోట్ల ఆరు. పంటినొప్పి అంటే ఏమిటో నాకు తెలియదు! చిగుళ్ల జబ్బు చాలామందిలో ఇలాగే నొప్పి లేకుండా ముదురుతుందట. వాచిన చిగురు లోపలివైపు పుండులా ఉంటుంది. నమిలినా, బ్రష్ చేసినా అక్కడినుంచి క్రిములు రక్తంలోకి వెళ్తాయి. మామూలు మనిషిలో ఒంటి రక్షణ వ్యవస్థ వాటిని త్వరగానే తుడిచేస్తుంది. లీకయ్యే కవాటం మీద అవి పట్టు దొరికించుకుంటాయి.

కవాటం బాగున్నవాళ్ల సంగతీ అడిగాను. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వులోనూ నోటి క్రిముల ఆనవాళ్లు దొరికాయట. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు ఎక్కువగా కనిపిస్తుంది. కానీ పొగతాగడం, షుగర్ రెండు జబ్బులకీ కారణాలే. అందుకే సంబంధం ఉంది గానీ ఇదే కారణమని తేలలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పళ్లు శుభ్రం చేయిస్తే గుండెపోటు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. చిగుళ్లలో రక్తం కనబడితే మాత్రం గుండె బాగున్నా చూపించుకోండి.

ఒంట్లో బాగయ్యాక చిగుళ్ల లోపలిదాకా క్లీనింగ్ చేశారు. కవాటం లీకు ఒక్కటే ఉంటే ఇలాంటి పళ్ల వైద్యానికి ముందు యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్లకు మాత్రం అవసరం. అందుకని ఇలాంటి పళ్ల వైద్యానికి ప్రతిసారీ గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటున్నాను. లీకు మునుపటికంటే కొంచెం పెరిగింది. ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు, ఎకో తీసి చూస్తున్నారు. మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నాను.