డబ్బు వాపస్ ఇచ్చేసిన హ్యాకర్, పత్రిక నడిపిన హ్యాకర్

చాలా రోజుల్నుంచి వౌ హోలాండ్ గురించి రాయాలని ఉంది. హ్యాకర్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఓటీపీ అడిగి అకౌంట్ ఖాళీ చేసేవాడే, ఆ మాట అలా పాడైపోయింది, కానీ జర్మనీలో ఆ మాటకి ఇంకా కాస్త గౌరవం మిగిలుందంటే అందులో ఎక్కువ భాగం ఈయన చలవే. ఈయన్ని అందరూ హ్యాకర్‌గానే చెప్తారు, నాకు మాత్రం ముందు పత్రిక మనిషిలా కనిపిస్తాడు. ఏది కనిపెట్టినా దాచుకోలేదు, అచ్చేసి పంచేశాడు.

అసలు పేరు హెర్వార్ట్ హోలాండ్-మోరిట్జ్, 1951 డిసెంబర్ 20న కాసెల్‌లో పుట్టాడు. వౌ అనేది అందరూ పిలిచే పేరు.

1970ల్లో పశ్చిమ జర్మనీలో కంప్యూటరంటే పోలీసుల దగ్గరో పెద్ద కంపెనీల దగ్గరో ఉండే వస్తువు. టెర్రరిస్టుల్ని పట్టుకోడానికని పోలీసులు లక్షలమంది వివరాలు కంప్యూటర్లో వేసి జల్లెడ పట్టేవాళ్ళు, అందుకే వామపక్షం కుర్రాళ్ళకి కంప్యూటర్ పేరెత్తితేనే మంట. వౌ కూడా ఆ గుంపులోని మనిషే, కానీ ఆయన ఆలోచన వేరు. వద్దంటే అది పోదు కదా, మనం కూడా నేర్చుకుని మన చేతిలోకి తీసుకుందాం అన్నాడు. 1981 సెప్టెంబర్ 1న బెర్లిన్ నుంచి వచ్చే టాట్జ్ అనే పేపర్లో ఒక చిన్న ప్రకటన పడింది, కంప్యూటర్ పిచ్చోళ్ళం ఎవరికి వాళ్ళం తిరగడం ఆపి ఒకచోట కలుద్దాం రండి అని. సెప్టెంబర్ 12న ఆ పేపర్ ఆఫీసులోనే కలిశారు. కేయాస్ కంప్యూటర్ క్లబ్ పుట్టింది అక్కడే.

మొదటి రెండేళ్ళు పెద్దగా ఏం జరగలేదు. 1983లో అమెరికాలో ఫోన్లూ కంప్యూటర్లూ కెలికే కుర్రాళ్ళ గురించి వౌ టాట్జ్‌లో రాశాడు, ఇంక ఉత్తరాలే ఉత్తరాలు, మాకూ చెప్పండి ఎలా చేస్తారో అని. ఒక్కొక్కరికీ జవాబు రాయడం అయ్యే పని కాదు కాబట్టి పత్రికే పెట్టేశాడు, 1984లో. పేరు డాటెన్‌ష్లాయ్‌డర్. ష్లాయ్‌డర్ అంటే వడిసెల, పొలంలో పిట్టల్ని తోలడానికి రాయి పెట్టి గిరగిరా తిప్పి విసురుతారే అదే, అంటే డేటాని విసిరే వడిసెల అన్నమాట. నాకు ఈ పేరు ఎంత నచ్చిందో చెప్పలేను. ఈ పత్రిక ఆయన పోయాక కూడా నడిచింది. 2008లో జర్మనీ హోంమంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయ్‌బ్లే పాస్‌పోర్టుల్లో వేలిముద్రలు ఉండాల్సిందే అంటుంటే, ఆయన తాగిన నీళ్ళ గ్లాసు మీద నుంచి ఆయన వేలిముద్రే తీసి ఇందులో అచ్చేశారు, వేలికి అంటించుకునేలా ఒక పల్చని ఫిల్మ్ కూడా పెట్టి మరీ. అది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెట్టి, మళ్ళీ తుడుచుకుని పెట్టి, పడక, ఎండలో వెనక్కి నడిచి వచ్చేది.

సరే, అసలు కథకి వస్తా. అప్పట్లో జర్మనీలో ఫోన్ అంటే ప్రభుత్వ పోస్టల్ శాఖదే, బుండెస్‌పోస్ట్ అంటారు, వాళ్ళు ఒప్పుకోని మోడెం (కంప్యూటర్‌ని ఫోన్ లైన్‌కి కలిపే పెట్టె) ఏదీ లైన్‌కి తగిలించకూడదు, తగిలిస్తే కేసు. అందుకని క్లబ్ వాళ్ళు టాయిలెట్ పైపులకి వాడే రబ్బరు వాషర్లు తెచ్చి, ఫోన్ రిసీవర్ సరిగ్గా అందులో కూర్చునేలా సొంతంగా మోడెం తయారుచేసి దానికి డేటా లెట్రిన్ అని పేరు పెట్టారు, అది ఎలా చేసుకోవాలో కూడా 1985లో వేసిన హ్యాకర్ బైబిల్ అనే లావుపాటి పుస్తకంలో అచ్చేశారు.

అదే పోస్టల్ శాఖ బీటీఎక్స్ అని ఒక సర్వీస్ తెచ్చింది, ఇంటర్నెట్ ఇళ్ళల్లోకి రాకముందే టీవీలో పేజీలు చూడ్డం, బ్యాంకు పనులు చేసుకోవడం అన్నీ. చాలా సేఫ్ అని చెప్పుకున్నారు. వౌ, ఆయన స్నేహితుడు స్టెఫెన్ వెర్నేరీ ఇందులో లోపాలు ఉన్నాయని చెప్తే ఎవరూ లెక్కచేయలేదు. బీటీఎక్స్‌లో పేజీ పెట్టినవాళ్ళు చూసినందుకు డబ్బులు వసూలు చేసుకోవచ్చు, క్లబ్‌కి ఒక విరాళం పేజీ ఉండేది, ఒక్కసారి తెరిస్తే 9.97 మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మనీ కరెన్సీ). హాంబుర్గ్‌లోని ఒక పెద్ద సేవింగ్స్ బ్యాంకు పాస్‌వర్డ్ వీళ్ళ చేతికి వచ్చింది (సిస్టంలో ఉన్న బగ్ వల్లే బయటికి కారిందని వీళ్ళు చెప్పారు). 1984 నవంబర్‌లో ఒక రాత్రి, బ్యాంకు పేరు మీద లాగిన్ అయ్యి, తమ విరాళం పేజీనే మళ్ళీ మళ్ళీ తెరిచేలా కంప్యూటర్‌కి పని అప్పజెప్పారు. బ్యాంకు వాళ్ళకి తెలీకుండా బ్యాంకు విరాళం ఇస్తూనే ఉంది, తెల్లారి ఆపేసరికి దాదాపు 1,35,000 మార్కులు.

ఇక్కడే నాకు ఈ మనిషి మీద గౌరవం. ఒక్క మార్కు కూడా ఉంచుకోలేదు. నేరుగా ప్రెస్ ముందుకి వెళ్ళి, డేటా రక్షణ అధికారికి కూడా చెప్పి, ఏం చేశారో ఎలా చేశారో పూసగుచ్చినట్టు బయటపెట్టి డబ్బు తిరిగిచ్చేశారు. టీవీ న్యూస్‌లో వచ్చేసరికి దేశమంతా ఇదే మాట. నోరు మూసుకుని ఊరుకునుంటే లోపం అలాగే ఉండేది, ఇంకెవడో దొంగకి దొరికేది. అదే ఏడాది డిసెంబర్‌లో హాంబుర్గ్‌లో మొదటి కాంగ్రెస్, అంటే హ్యాకర్ల సభ, పెట్టారు, ఇప్పుడది ఏటా క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య వేలమంది వచ్చే జాతర.

తర్వాత రోజులు అంత బాలేవు. 1986లో కంప్యూటర్ నేరాల మీద కొత్త చట్టం వచ్చింది, ఆ ఏడాదే క్లబ్‌ని సంఘంగా రిజిస్టర్ చేయించారు. తర్వాత హానోవర్ వైపు కొందరు కుర్రాళ్ళు సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్మారని 1989లో బయటపడింది, వాళ్ళలో ఒకడు ఆ ఏడాదే చనిపోయాడు. క్లబ్ పేరు కూడా బురదలో పడింది. క్లబ్ నియమాల్లో రెండు నాకు నోటికొచ్చు: పక్కవాళ్ళ డేటాలో చెత్త చేయొద్దు, అందరిదైన డేటాని వాడుకో కానీ మనుషుల సొంత డేటాని కాపాడు. 1980ల్లోనే అనుకున్న మాటలివి, ఆధార్ నంబర్ ప్రతి కౌంటర్లో జిరాక్స్ ఇచ్చే మనకి ఇప్పుడు ఎక్కువ అవసరం.

చివరి రోజుల్లో వౌ ఎక్కువ సమయం యేనాలో ఒక యువకేంద్రంలో పిల్లలతో గడిపాడు, కంప్యూటర్ ఎలా విప్పాలో ఎలా వాడాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో రెండూ కలిపి నేర్పేవాడు. పెద్ద ఉద్యోగం చేసుకోగలిగిన తెలివి అది, ఆయన దానికోసం వెళ్ళలేదు. 2001 మే నెలలో స్ట్రోక్ వచ్చింది, జూలై 29న బీలెఫెల్డ్‌లో పోయాడు. 49 ఏళ్ళు. రెండేళ్ళ తర్వాత స్నేహితులు ఆయన పేరు మీద ఫౌండేషన్ పెట్టారు, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌కి విరాళాలు సేకరించింది అదే, 2010లో పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ ఈ ఫౌండేషన్ అకౌంట్ ఆపేసినప్పుడు వార్తల్లో చూసే ఉంటారు.

డాటెన్‌ష్లాయ్‌డర్ పాత సంచికలు ఫ్రీగా దొరుకుతున్నాయి. నేను 1984వి చదువుతున్నా, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకో పేజీ.