పరగడుపు రక్తం, ముందురోజు ఎక్కిన మెట్లు

జుట్టు విపరీతంగా రాలుతోందనీ, మధ్యాహ్నం క్లాసుల్లో నిలబడి పాఠం చెప్పే ఓపిక ఉండటం లేదనీ, ఏడాదిలో ఆరు కిలోల బరువు పెరిగాననీ స్టాఫ్ రూములో వాపోయినందుకు, తోటి ఉపాధ్యాయిని ఒకరు తాను చేయించుకున్న రక్తపరీక్షల ప్యాకేజీ గురించి చెప్పారు. షుగరు, కొలెస్ట్రాల్, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్, విటమిన్లు, ఆడవాళ్ల హార్మోన్లు అన్నీ కలిపి ఎనభైకి పైగా పరీక్షలు, అవి కూడా ఇంటికే వచ్చి రక్తం తీసుకునే సౌకర్యంతో. నాకు 48 ఏళ్లు. తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. అంకెలు ఎన్ని ఎక్కువ ఉంటే నిజం అంత స్పష్టంగా తెలుస్తుందని నమ్మే వృత్తి నాది కనుక, ఆ రోజే డబ్బు కట్టేశాను.

ల్యాబు అమ్మాయి ఒక సోమవారం ఉదయం ఆరున్నరకు బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చింది. ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం ముగించి, తెల్లవారి కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాను. ఆమె మూడు రంగుల మూతలున్న గొట్టాల్లో రక్తం నింపింది. బూడిద రంగు మూతది షుగరుకట. రక్తకణాలు గొట్టంలో ఉండి కూడా గ్లూకోజును తింటూనే ఉంటాయి కాబట్టి, ఆ తిండిని ఆపడానికి అందులో ఫ్లోరైడ్ వేస్తారు. ఊదా రంగుది మూడు నెలల షుగరుకూ రక్తకణాల లెక్కకూ, పసుపుది మిగిలినవాటికీ. "ఏమీ తినలేదు కదా మేడం?" అని మాత్రం అడిగింది. వేసుకునే మాత్రల గురించి గానీ, ముందురోజు ఏం చేశానన్నది గానీ అడగలేదు. ముందురోజు ఆదివారం నేను అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి కొండెక్కి వచ్చాను. పిక్కలు పట్టేసి, తలుపు తీయడానికే గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది.

సాయంత్రానికి రిపోర్టు ఫోనులోకి వచ్చింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే తగ్గి, మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను 0.08 అని ఎర్రటి అక్షరాల్లో ఉంది. ఉండవలసినది సుమారు 0.4 నుంచి 4.5 వరకు. థైరాయిడ్ తయారుచేసే టీ3, టీ4 హార్మోన్లు రెండూ పరిధి దాటి పైకి పోయాయి. కాలేయపు పరీక్షల్లో ఎస్‌జీవోటీ 68, అదీ ఎరుపే. విటమిన్ డి మాత్రం 88 ఉంది. గొడుగు లేకుండా బడికి కూడా వెళ్లని నాకు అంత ఎక్కడి నుంచి వచ్చిందో అని ఆ కంగారులోనూ ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను. చిత్తూరులో ఉన్న మా అక్క ఫోనులో వినగానే "ఇంకెవరికీ చూపించొద్దు, నేరుగా వేలూరు ఆసుపత్రికి పోదాం" అంది. చిత్తూరు వాళ్లకు ఏ అనుమానం వచ్చినా మొదట గుర్తొచ్చేది వేలూరే; దగ్గర కూడా.

వేలూరు దాకా వెళ్లలేదు. ఇక్కడే ఒక హార్మోన్ల నిపుణురాలికి చూపించాను. ఆమె రిపోర్టు పక్కన పెట్టి, ముందు నా నాడి చూశారు, చేతులు చాపమని వేళ్లు వణుకుతున్నాయేమో గమనించారు, మెడ తడిమి చూశారు. నాడి నిమిషానికి 72. "థైరాయిడ్ హార్మోన్లు ఇంతగా పెరిగిన మనిషికి నాడి ఇంత నింపాదిగా ఉండదమ్మా, బరువు కూడా తగ్గాలే గానీ పెరగడమేమిటి? జుట్టుకు ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. మూడు నెలలుగా మందుల షాపులో కొనుక్కుని రోజుకొకటి చొప్పున వేసుకుంటున్న బయోటిన్ అనే విటమిన్ మాత్ర సంగతి అప్పుడు చెప్పాను. దానిలో ఉన్నది 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసినది దాదాపు 30 మైక్రోగ్రాములు, అంటే నేను మూడు వందల రెట్లకు మించి మింగుతున్నాను.

ఆమె చెప్పినదాన్ని నాకు అర్థమైన రీతిలో రాస్తాను. చాలా యంత్రాలు హార్మోనును కొలిచేటప్పుడు, దానికి అతుక్కునే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీనుకు తగిలించడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడుకుంటాయి. రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే, అది ఆ ప్రోటీను మీది చోట్లన్నీ ముందే ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్‌ను కొలిచే పద్ధతిలో దీనివల్ల అంకె ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. టీ3, టీ4, విటమిన్ డి వంటివాటిని కొలిచే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది కనుక అవి ఎక్కువగా వస్తాయి. రెండూ కలిసి అచ్చం అతి థైరాయిడ్ జబ్బు రూపాన్ని కాగితం మీద గీసిపెడతాయి. దీని గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరిక జారీ చేసింది. యంత్రం తప్పు చేయలేదు, ల్యాబూ చేయలేదు. అడగవలసిన ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే.

మాత్ర మానేసి, వారం తర్వాత మళ్లీ రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 5.8, టీ4 మామూలే, విటమిన్ డి 17. అంటే థైరాయిడ్ పరుగెత్తడం లేదు సరిగదా, కాస్త బద్ధకిస్తోంది. విటమిన్ డి లోటు కూడా ఆ 88 వెనుక దాక్కుని ఉంది. టీఎస్‌హెచ్ 10 దాటలేదు కాబట్టి థైరాయిడ్ మాత్రలు ఇప్పుడే వద్దనీ, మూడు నెలలాగి మళ్లీ చూద్దామనీ చెప్పారు. ఎస్‌జీవోటీ దానంతటదే 26కు దిగింది. ఆ ఎంజైము కాలేయంలోనే కాక కండరాల్లో కూడా ఉంటుంది. అలవాటు లేని పిక్కలతో కొండెక్కితే అది రక్తంలోకి కారుతుంది. కాలేయానికే ప్రత్యేకమనదగిన ఎస్‌జీపీటీ మొదటి రిపోర్టులోనే మామూలుగా ఉన్న సంగతి ఆ కంగారులో నేను చూడనే లేదు.

లెక్కల టీచరుగా నన్ను సిగ్గుపరచిన విషయం మరొకటి ఉంది. సాధారణ పరిధి అంటే సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అంకెలు పడే చోటు. అంటే ఏ ఒక్క పరీక్ష తీసుకున్నా, ఏ జబ్బూ లేని ఇరవై మందిలో సుమారుగా ఒకరు పరిధి బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడి రిపోర్టులో కూడా కనీసం ఒక్క ఎర్ర అక్షరం కనబడే అవకాశం 64 శాతం. పదో తరగతి పిల్లలకు సంభావ్యత చెప్పే నేను, ఎనభై పరీక్షలకు డబ్బు కట్టేముందు ఈ గుణకారం చేయలేదు.

హార్మోన్ల పేజీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అండాశయాలను పనిచేయించే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోను 21 అని ఉంది. నెలసరి మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజులోపు తీస్తేనే ఆ అంకెను చదవగలమట. నాది పదమూడో రోజు. మావారికి అదే ప్యాకేజీలో టెస్టోస్టిరాన్ సాయంత్రం తీసిన రక్తంలో చూశారు. అది ఉదయం ఎక్కువగా, పొద్దెక్కేకొద్దీ తక్కువగా ఉండే హార్మోను కాబట్టి ఆ పరీక్షా వృథాయే.

అక్క సంగతి వేరు. ఆమెకు మూడు నెలల షుగరు 6.1 వచ్చి, షుగరు మొదలవబోతోందని అన్నం మానేసి రాగి సంకటితో రెండు పూటలా సరిపెట్టుకుంటోంది. పరగడుపు షుగరు చూస్తే 94. ఆ పరీక్ష కొలిచేది ఎర్రకణాల హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఇనుము లోపం ఉన్నప్పుడు ఆ అంకె ఉన్నదానికంటే పైకి జరగవచ్చు. అక్కకు హిమోగ్లోబిన్ 8.6. ఇనుము మాత్రలు వాడిన నాలుగు నెలలకు మూడు నెలల షుగరు 5.5కు వచ్చింది. సంకటి మాత్రం మానలేదు, అది మంచిదే.

నా రిపోర్టులో అసలు చదవవలసిన పేజీ మరొకటి ఉందని డాక్టరుగారే చూపించారు. పరగడుపు షుగరు 108. ట్రైగ్లిజరైడ్లు 212. మంచి కొలెస్ట్రాల్ 38. చెడు కొలెస్ట్రాల్ 124 అని ఉన్నది కొలిచినది కాదు, మొత్తం 204లోంచి మంచిదాన్నీ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసివేసి లెక్కగట్టినది. ఆమె సొరుగులోంచి టేపు తీసి నా నడుము కొలిచారు: 91 సెంటీమీటర్లు, మన దేశపు ఆడవాళ్లకు 80 దాటకూడదు. నడుము, రక్తపోటు, పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే ఐదింటిలో మూడు గీత దాటితే, షుగరు, గుండె జబ్బుల ముప్పును పెంచే ఆ స్థితిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నాకు రక్తపోటు తప్ప నాలుగూ దాటాయి. థైరాయిడ్ గురించి నేను నిద్ర మానుకున్న వారమంతా, నడుము కాక మిగిలిన మూడు అంకెలూ అదే ఫోనులో ఉన్నాయి. షుగరు, ట్రైగ్లిజరైడ్లు కొద్దిపాటి ఎరుపే కదా అని వేలితో పైకి తోసేశాను.

ఇప్పుడు ప్యాకేజీ లేదు. ఒక చీటీ మీద ఐదు పరీక్షల పేర్లు ఆమె స్వయంగా రాసి ఇచ్చారు. రాత్రి భోజనం ఏడున్నరకు ముందే ముగిస్తున్నాను, సాయంత్రం గంటసేపు నడుస్తున్నాను, టైలరు టేపు ఒకటి కొని అద్దం పక్కన వేలాడదీశాను, నిన్నటికి 88. రక్తం ఇవ్వవలసింది వచ్చే నెల రెండో బుధవారం, ఉదయం ఏడు గంటలకు. ఆ వారం రోజులూ కొండకు నడిచి వెళ్లే మొక్కులేవీ పెట్టుకోవద్దని ఇంట్లో ముందుగానే చెప్పి ఉంచాను.