రేటు చెప్పాక ఐదు సెకన్లు

ఉదయం ఆరున్నరకి భుజం నొప్పితో మెలకువ వచ్చింది. నిన్న ఏడు గంటల ఈవెంట్‌కి ఫోటోలు తీశాను. రెండు కెమెరా బాడీలు, ఒకదానికి 24-70 లెన్సు, రెండోదానికి దూరానివి దగ్గరగా చూపే 70-200. ఆ 70-200 ఎఫ్2.8 లెన్సు ఒక్కటే కిలోకి పైన తూగుతుంది. మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది. సాయంత్రం అవార్డులిచ్చే వేళకి నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకున్నట్టుంటుంది. దించలేం, మోయలేం.

మొహం కడుక్కోకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రాత్రి మెమరీ కార్డులు రెండు డ్రైవుల్లోకి కాపీ చేసి, మూడో కాపీ క్లౌడ్‌కి పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి 61 శాతం దగ్గర ఉంది. 2,350 ఫ్రేములు, ఒక్కో రా ఫైలు, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైలు, దాదాపు 30 ఎంబీ, అంతా కలిపి 70 జీబీ. అది పూర్తిగా ఎక్కేదాకా కార్డులు ఫార్మాట్ చేయను. ఒకప్పుడు ఒకటే కార్డు స్లాటున్న కెమెరాతో తిరిగేదాన్ని. ఒక రాత్రి ఇంటికొచ్చి కార్డు పెడితే తెరుచుకోలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంటే చాలావరకు వచ్చాయి. రానివాటిలో అందరూ కలిసి నిలబడ్డ గ్రూపు ఫోటో ఉంది. క్లయింటుకి ఆ సంగతి ఫోన్లో చెప్పిన రెండు నిమిషాలు ఇప్పటికీ కలలోకొస్తాయి. ఆ నెలే అప్పు చేసి, ఒకే ఫోటో రెండు కార్డుల్లోకీ ఎక్కే రెండు స్లాట్ల బాడీ కొన్నాను. ఆ తర్వాతే మొదటిసారి రేటు పెంచాను. అప్పు తీరాలంటే పెంచక తప్పలేదు, అంతే. పెద్ద ఆలోచనేం లేదు.

పదకొండు దాకా సెలక్షన్. కళ్లు మూసుకున్నవి, మైకు మొహానికి అడ్డమొచ్చినవి, మాట మధ్యలో నోరు వంకర పోయినవి తీసేస్తే సగానికి పైగా పోతాయి. నిన్నటి హాల్లో చౌకరకం ఎల్‌ఈడీ లైట్లు. షట్టర్ వేగం పెంచితే ఫోటో మీద అడ్డంగా చారలు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ఇలాంటి లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ వేగం సెకనులో 1/100 వంతుకి దించితే చారలు పోయాయి. కానీ 1/100 దగ్గర ఊగే చెయ్యి చెదిరిపోతుంది. అందుకని మాట్లాడేవాళ్లు ఊపిరి తీసుకోడానికి ఆగే క్షణం కోసం కాచుకుని కూర్చోవాలి. ఈ కాచుకోవడాన్ని కొటేషన్లో ఏ లైను కింద రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

పదకొండుంపావుకి ఫోన్. ఒక కంపెనీ వార్షిక సమావేశం పనులు చూస్తున్నావిడ. తేదీ, ఎన్ని గంటలు, ఎంతమంది వస్తారు, ఫోటోలు ఎక్కడ వాడతారు, అన్నీ అడిగాను. చివర్లో, "మీ రేటెంత మేడమ్?" అన్నారు. చెప్పాను. చెప్పి ఊరుకున్నాను.

ఆ ఊరుకోవడం నేర్చుకోడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అవతల ఏమీ వినపడదు. ఎవరో తలుపు వేసిన చప్పుడు, కీబోర్డు టకటక. మహా అయితే ఐదు సెకన్లు. ఇదివరకు ఆ ఐదు సెకన్లు భరించలేక, "కాకపోతే చూసి చేద్దాంలెండి" అనేసేదాన్ని. అవతలివాళ్లు ఇంకా నోరే తెరవలేదు. నాతో నేనే బేరమాడి నేనే ఓడిపోయేదాన్ని. ఇప్పుడు రేటు చెప్పగానే బల్ల మీదున్న లెన్సు మూత తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతుంటాను. చేతికి పని ఉంటే నోరు ఊరుకుంటుంది.

"కొంచెం ఎక్కువే కదండీ. ఇంకొకాయన సగానికే చేస్తానన్నారు."

"చేస్తారండీ. అందులో బాగా చేసేవాళ్లూ ఉంటారు."

నిజమే కదా మరి. పక్కవాళ్ల పని బాగోదని చెప్పి నా రేటు నిలబెట్టుకోవడం నాకు చేతకాదు, చేతనైనా చేయను.

"పోనీ మీరేమైనా తగ్గుతారా?"

"పని తగ్గితే రేటు తగ్గుతుందండీ. ఏడు గంటలు కాకుండా నాలుగ్గంటలు చేద్దాం. రెండో ఫోటోగ్రాఫర్ వద్దనుకుందాం. ఫోటోలు మర్నాడు కాకుండా వారానికి ఇస్తాను. ఈ మూడింట్లో మీకేది అక్కర్లేదో చెప్పండి."

మాట్లాడి చెప్తామన్నారు. "మాట్లాడి చెప్తాం" అనే మాట పదిసార్లు వింటే ఏడుసార్లు వాళ్లు మళ్లీ చెయ్యరు. ఇది నా లెక్కే, ఎవరికీ వర్తించనక్కర్లేదు.

లెక్క అన్నాను కాబట్టి అసలు లెక్క కూడా ఇక్కడ రాసిపెట్టుకుంటాను, మళ్లీ మెత్తబడ్డ రోజు చదువుకోడానికి. నా ఫీజు 100 అనుకుంటే రెండో ఫోటోగ్రాఫర్, ప్రయాణం, ఇన్సూరెన్సు, సాఫ్ట్‌వేర్, కెమెరా అరుగుదల పోగా చేతికి మిగిలేది 40. షట్టరుకీ ఆయుష్షుంటుంది, చాలా బాడీలకి 2 లక్షల క్లిక్కులకి అటూ ఇటూ చెప్తారు. నిన్న ఒక్కరోజే 2,350 పోయాయి. ఇప్పుడు 20 శాతం తగ్గించానంటే ఇన్సూరెన్సు వాళ్లు నాకు 20 శాతం తగ్గించరు. రెండో ఫోటోగ్రాఫరూ తగ్గించడు. ఆ 20 మొత్తం నా 40లోంచే పోతుంది. వినడానికి ఇరవై, నా వరకు సగం. అదే ఆదాయం రావాలంటే రెట్టింపు ఈవెంట్లు చేయాలి. ఒక్కో ఈవెంటు గంటకి ఎడిటింగ్ బల్ల దగ్గర రెండు గంటలు పడుతుంది నాకు. రెట్టింపు చేస్తే ఇక నిద్రపోయే వేళేది?

ఈ లెక్క తెలియక ముందు ఒకసారి సగానికి ఒప్పుకున్నాను. "ఈ ఒక్కసారికి చూడండి, ముందు ముందు మా పెద్ద ఈవెంట్లన్నీ మీవే" అన్నారు. చిన్నవి మూడు చేశాను, మూడూ సగానికే. పెద్దది వచ్చినప్పుడు వేరే ఫోటోగ్రాఫర్‌ని పిలిచారు, నా పూర్తి రేటుకన్నా ఎక్కువ ఇచ్చి. అడిగితే, "ఇది ముఖ్యమైన ఈవెంటండీ, రిస్క్ ఎందుకని..." అన్నారు. వాళ్ల మనసులో నేను తక్కువ రేటు మనిషిని అయిపోయాను. ఆ ముద్ర వేసింది వాళ్లేనని చాన్నాళ్లు తిట్టుకున్నాను. స్టాంపు వాళ్ల చేతికిచ్చింది నేనే.

మధ్యాహ్నం ఒకప్పుడు నాకు అసిస్టెంటుగా వచ్చిన కుర్రాడు ఫోన్ చేశాడు. సొంతంగా మొదలుపెట్టాడు. "అక్కా, ఎంత చెప్పను?" అని. నీ ఖర్చెంత అంటే తెలీదన్నాడు. ముందది రాసుకో, తర్వాత చెయ్యి అన్నాను. వాడు ఊరుకోకుండా ఎక్కడో విన్న విస్లర్ కథ చెప్పాడు. తన బొమ్మని తిట్టిన విమర్శకుడి మీద ఆ చిత్రకారుడు పరువునష్టం కేసు వేశాడు. 1878లో లండన్ కోర్టులో ఆయన్ని, రెండ్రోజుల పనికి 200 గినీలు అడుగుతారా అంటే, రెండ్రోజులకి కాదు, జీవితమంతా నేర్చుకున్నదానికి అడుగుతున్నాను అన్నాడట. "మనమూ అలా చెప్పాలక్కా!"

ఆ కథ చెప్పేవాళ్లు మిగతా సగం చెప్పరు. విస్లర్ ఆ కేసు గెలిచాడు. నష్టపరిహారం ఒక ఫార్తింగ్ ఇచ్చారు, అంటే పెన్నీలో పావు. కోర్టు ఖర్చులు మీద పడి మరుసటి సంవత్సరానికల్లా దివాలా తీశాడు. ఇది చెప్తే వాడు కాసేపు మాట్లాడలేదు. నా పదేళ్ల అనుభవం క్లయింటుకి దేనికి? అవతల ఆవిడకి కావల్సింది, తన పై అధికారి అవార్డు తీసుకునే ఫోటో మర్నాడు పొద్దున్నకి మెయిల్లో ఉంటుందా లేదా అన్న బెంగ తీరడం. ఆ బెంగకే డబ్బిస్తారు. రేటు గురించి మాట్లాడేటప్పుడు దాని గురించే మాట్లాడు అన్నాను.

రెండు కొటేషన్లు పంపి పెద్దది ముందు చూపించే చిట్కా కూడా అడిగాడు. ముందు విన్న అంకె చుట్టూనే మనసు తిరుగుతుందని త్వర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వవేత్తలు 1974లోనే రాశారు. వట్టి చక్రం తిప్పి వచ్చిన అంకె కూడా మనుషుల అంచనాల్ని లాగేసిందట. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగితే, చక్రం 10 దగ్గర ఆగినవాళ్లు 25 అన్నారు, 65 దగ్గర ఆగినవాళ్లు 45 అన్నారు. నేనూ చేసి చూశాను. జీవితంలో ఒక్కసారి ఫోటోగ్రాఫర్‌ని పిలిచేవాళ్ల దగ్గర పనిచేస్తుంది. నెలనెలా ఈవెంట్లు చేసేవాళ్ల దగ్గర నవ్వులపాలవుతాం, వాళ్లకి అందరి రేట్లూ నోటికొచ్చు.

బంధువుల గురించి అడగలేదు వాడు. ఇంకా ఆ రోజు రాలేదు కాబోలు. నా పద్ధతైతే పూర్తి రేటు, లేదా పూర్తిగా ఉచితం. మధ్యలో ఏదీ లేదు. ఉచితమైనా బిల్లు రాస్తాను, మొత్తం అంకె వేసి, కింద "నా కానుక" అని కొట్టేస్తాను. మా పిన్ని ఒకావిడ అది చూసి, అయినవాళ్లకి ఆకుల్లో కానివాళ్లకి కంచాల్లో అంటూ చాలాసేపు దెప్పింది. కానీ ఆ తర్వాత ఆవిడే ఇంకొకరికి నా రేటు సరిగ్గా చెప్పింది.

మూడింటికి క్యాలెండర్ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఈ నెల రెండు శనివారాలు ఖాళీ. రేటు నిలబెట్టుకుంటే ఇలాంటి ఖాళీలు పడతాయి, ఆ సంగతి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఖాళీ గడి చూడగానే కడుపులో ఏదో జారుతుంది, పొద్దున ఆవిడకి నేనే ఫోన్ చేసి తగ్గిస్తానంటే పోలా అనిపిస్తుంది. చెయ్యకపోవడానికి కారణం నా గుండె ధైర్యమేం కాదు. ఆరు నెలల ఖర్చు విడిగా వేసిపెట్టుకున్నాను. మూడేళ్లు పట్టింది దానికి, మధ్యలో ఒక లెన్సు కొనడం మానుకున్నాను. ఫోన్లో ఆ ఐదు సెకన్లు నేను నోరు మూసుకోగలుగుతున్నది ఆ డబ్బు వల్లే. అది లేనప్పుడు ఎన్ని వీడియోలు చూసినా, అద్దం ముందు ఎన్నిసార్లు రేటు చెప్పుకున్నా గొంతు వణికేది.

సాయంత్రం నిన్నటి ఈవెంటువి ముందుగా 30 ఫోటోలు పంపించాను. అందులో ఒకటి స్టేజీది కాదు. అవార్డు తీసుకున్నాయన తల్లి మూడో వరసలో కూర్చుని ఉంది. కొడుకు పేరు పిలిచారు, హాలంతా చప్పట్లు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటోంది. అద్దాలు మాత్రమే, కళ్లు కాదు. కళ్లు అలాగే వదిలేసింది. నేను స్టేజీ వైపు రెండో ఫోటోగ్రాఫర్‌ని ఉంచబట్టి అటు తిరగగలిగాను.

గంటకి ఆయన దగ్గర్నుంచి మెసేజ్. "ఇదెప్పుడు తీశారు? మేమెవరం చూడనేలేదు."

ఏడున్నరకి పొద్దుటి ఆవిడ కూడా మెసేజ్ పెట్టారు. "ఐదు గంటల పనికి కొటేషన్ పంపండి. రెండో ఫోటోగ్రాఫర్ కావాలి." ఏడూ కాదు, నాలుగూ కాదు. కొటేషన్ టైపు చేస్తుంటే మొత్తం దగ్గర వేళ్లు వాటంతటవే చివరి అంకెల్ని సున్నాలు చేసి కిందికి దించబోయాయి. ఎవరూ అడగలేదు. వెనక్కొచ్చి అసలు అంకె మళ్లీ కొట్టి పంపేశాను.

క్లౌడ్ కాపీ 100 శాతం అయింది. కార్డులు ఫార్మాట్ చేసి, బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టాను. ఒక ఛార్జర్ ఎర్ర లైటు వెలగట్లేదు. రేపు చూడాలి.