కమిటీలో ఎవరున్నారు?

నిన్న మా ఆఫీసులో మహిళలపై హింస గురించి అవగాహన సదస్సు జరిగింది. ఇలాంటివి మామూలుగా సమోసా, టీ, గ్రూపు ఫోటోతో ముగుస్తాయి. ఈసారి వచ్చిన న్యాయవాది మాత్రం, "మీ అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారో చెప్పండి" అని అడిగారు. ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ అది. ఒక్కరూ నోరు విప్పలేదు. పెద్ద పెద్ద జీతాలు తీసుకునే మేనేజర్లు కూడా!

1992లో రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించిన భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘోరం తర్వాత మహిళా సంఘాలు కోర్టుకు వెళితే 1997లో సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టుకెళ్లిన 'విశాఖ' అనే సంస్థ పేరుతో వాటిని విశాఖ మార్గదర్శకాలు అంటారు. వాటి స్థానంలో చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. ఆ చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే. బయటి నుంచి ఒకరు ఉండాలి. ఫిర్యాదుకు సాధారణ గడువు మూడు నెలలు. భయంతో నలిగిపోయే మనిషికి అది చాలా తక్కువని నా అభిప్రాయం. కారణం చూపితే మరో మూడు నెలలు పొడిగించవచ్చట, నయం.

నాకు కోపం తెప్పించింది వేరే సంగతి. కాంట్రాక్టు మీద మా అంతస్తు ఊడ్చే ఆడవాళ్లను సదస్సుకు పిలవలేదు. చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా, జిల్లా స్థాయి స్థానిక కమిటీ ద్వారా.

ఈ రోజు లిఫ్టు పక్కన కమిటీ సభ్యుల పేర్లు అతికించారు, ఇంగ్లిషులో మాత్రమే. తెలుగులోనూ హిందీలోనూ కావాలని మెయిల్ పెట్టాను.