చీలమండ దగ్గర ఎముక విరిగితే ఆపరేషన్‌కి అన్ని రోజులు ఎందుకు ఆగుతారు?

ఎముక ముక్కలైన మనిషిని వారం, పది రోజులు అలాగే పడుకోబెడితే ఇంట్లోవాళ్లకి కంగారే. ఆ ఆలస్యానికి కారణం చర్మం.

మోకాలి కింద ఉండే పెద్ద ఎముక టిబియా. దాని కింది కొసను లోపలివైపు వేలితో తడిమి చూడండి. చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. ఎత్తు నుంచి పడ్డప్పుడు పాదంలోని తాలస్ ఎముక సుత్తిలా పైకి తన్ని టిబియా కీలు భాగాన్ని చీల్చేస్తుంది. ఇదే పైలాన్ ఫ్రాక్చర్. కాసేపటికే కాలు వాచిపోతుంది, తర్వాత నీటిబొబ్బలు, రక్తపు బొబ్బలు లేస్తాయి. ఆ స్థితిలో కోస్తే గాయం అంచులు నల్లబడి, కుట్లు విడిపోయి, ఎముకని పట్టి ఉంచే లోహపు ప్లేటు బయటపడే ప్రమాదం ఉంది. ఇన్ఫెక్షన్ ఎముకకి పట్టిందంటే కాలికే ముప్పు.

అందుకే ముందుగా ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ వేస్తారు. టిబియా పైభాగంలో రెండు పిన్నులు, మడమ ఎముకలో అడ్డంగా ఒకటి, వాటిని కలుపుతూ బయట రాడ్లు. పై పిన్నులు రేపు ప్లేటు వచ్చే చోటికి దూరంగా ఉండాలి. సీటీ స్కాన్ కాలు లాగి బిగించాకే తీయించాలి. ముందే తీస్తే ముక్కలన్నీ కలగాపులగంగా ఉండి కోత ఎటునుంచి పెట్టాలో తేలదు.

కాలు ఎత్తులో పెట్టి ఉంచితే సాధారణంగా 7 నుంచి 14 రోజుల్లో చర్మం మీద సన్నని ముడతలు తిరిగి కనిపిస్తాయి. అప్పుడే కోత. 3 వారాలు దాటితే ముక్కలు అతుక్కోవడం మొదలై సర్దడం కష్టం.

ఎముక బయటికి వచ్చిన గాయమైతే మాత్రం యాంటీబయాటిక్స్, శుభ్రం చేయడం వెంటనే జరగాలి. పిక్క రాయిలా బిగిసి, వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తుంటే అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ కావచ్చు, అంటే కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం. దానికి గంటలు కూడా ఆగకూడదు.

అసలు ఆపరేషన్‌లో ముందు చూసేది కీలు ఉపరితలం. ముక్కల్ని కె-వైర్లతో (సన్నని లోహపు తీగలతో) తాత్కాలికంగా పట్టి ఉంచి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూసి, 2 మిల్లీమీటర్ల మెట్టు కూడా మిగలకుండా కలపాలి. నలిగి పైకి నొక్కుకుపోయిన భాగాన్ని కిందికి దించితే ఏర్పడే ఖాళీని తుంటి ఎముక నుంచి తీసిన గ్రాఫ్ట్‌తో (ఎముక ముక్కలతో) నింపుతారు. ఆ తర్వాతే ప్లేటు, స్క్రూలు. పక్కనున్న సన్న ఎముక ఫిబులా కూడా విరిగితే దాని పొడవు కచ్చితంగా కుదరాలి, పొట్టిగా కలిపితే టిబియా ముక్కలు సర్దుకోవు.

తర్వాత 10, 12 వారాల పాటు ఆ కాలిపై బరువు మోపకూడదు. పొగతాగడం ఆపాలి, షుగరు అదుపులో ఉండాలి. ఎక్స్‌రే అద్భుతంగా ఉన్నా కొందరికి తర్వాత కీలు అరుగుతుంది, ఎందుకంటే దెబ్బ తగిలిన క్షణంలోనే కీలు ఉపరితలాన్ని కప్పి ఉండే మృదులాస్థి కణాలు చనిపోయి ఉంటాయి.