పల్లీ పెరుగు, ఏడో వాయి: అడుగున తేట ఇంకా పోలేదు

ఈసారి తోడుకుంది. సీసా పక్కకి వంచితే కదల్లేదు, పైన పగుళ్ళు లేవు, అడుగున తేట 2 మి.మీ. మాత్రమే. సంబరం చెంచా దించేదాకానే. అరగంటలో చెంచా గుంట నిండా నీళ్ళు, వాటిలో దానిమ్మ గింజలు ఈదుతున్నాయి. ఏడు వాయిలకు కిలో పైచిలుకు పల్లీలు ఖర్చయ్యాక వచ్చిన ఫలితం ఇది.

కావలసింది చిన్నదే. పాలు, నెయ్యి, తేనె ఏవీ లేకుండా, పొద్దున పళ్ళూ గింజలూ కలుపుకుని తినడానికి గట్టి పెరుగు. ఉత్త జీడిపప్పుతో చేస్తే మొదటిసారే కుదురుతుంది, అందులో పిండిపదార్థం ఉంది కాబట్టి తనంతట తనే చిక్కబడుతుంది. కానీ కిలో జీడిపప్పు డబ్బుతో పల్లీలు ఐదు కిలోలు తేలిగ్గా వస్తాయి, రోజూ తినేదానికి ఆ లెక్క ముఖ్యం. డబ్బాల్లో అమ్మే బాదం పాలతో ప్రయత్నించడం దండగ. వెనకవైపు చిన్న అక్షరాలు చదివితే చాలావాటిలో బాదం నూటికి నాలుగైదు పాళ్ళు కూడా ఉండదు, మిగతాది నీళ్ళూ గమ్మూ. గమ్ము తోడుకోదు.

అన్ని వాయిలకూ మూలం ఒకటే: పల్లీలు 150 గ్రా., చిటికెడు వంటసోడా వేసి 8 గంటలు నానబెట్టి, పొట్టు తీసి, నీళ్ళు పోసి రుబ్బి, గుడ్డలో పిండడం. ముడుచుకున్నవీ రంగు మారినవీ నానబెట్టే ముందే ఏరి పారేయాలి. బూజు విషం వేడికి పోయేది కాదు, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. కదిరి-6 రకం పల్లీ చిన్నదైనా పాలు కమ్మగా వస్తాయి. రుబ్బడానికి చల్లటి నీళ్ళే పోయాలి. ఒకే బిగిన నాలుగు నిమిషాలు తిప్పితే 24 డిగ్రీల పాలు 38కి చేరాయి, గిన్నె అంచున నూనె మెరిసింది. ఒక్కో నిమిషం చొప్పున మూడుసార్లు, మధ్యలో విరామం ఇస్తే ఆ తంటా లేదు. మిక్సీల్లో ఈ పనికి సుజాత 900 వాట్లదే నా ఓటు. చప్పుడు ఎక్కువే గానీ పాలు నున్నగా వస్తాయి.

ఇక అసలు గొడవ. ఆవు పెరుగులో తేట పైకి తేలుతుంది, ముద్ద అడుగున ఉంటుంది. పల్లీ పెరుగులో అంతా తలకిందులు. ముద్ద బిళ్ళలా పైకి తేలుతుంది, లేత పసుపు తేట అడుగున నిలుస్తుంది. పల్లీలో దాదాపు సగం నూనె, పావు వంతు మాంసకృత్తులు. నూనె బొట్లను పట్టుకున్న ముద్ద నీటికన్నా తేలిక, అందుకే తేలుతోందని మొదటి రెండు వాయిలూ అనుకున్నాను. సగమే నిజమని తర్వాత తేలింది.

మొదటి వాయికి నీళ్ళు 600 మి.లీ., తోడు తరవాణి. అన్నం గంజి కుండలో పులియబెట్టిన ఆ నీళ్ళు ఒకప్పుడు కోస్తాలో పిల్లలకూ ముసలివాళ్ళకూ పొద్దుటి ఫలహారం. అందులో పుల్లదనం ఇచ్చే సూక్ష్మజీవులు పుష్కలం, పాల చుక్క లేదు, ఇంతకన్నా మంచి వీగన్ తోడు ఏముంటుంది అనిపించింది. 42 డిగ్రీల దగ్గర 10 గంటలు. సీసాలో మొత్తం ఎత్తు 8 సెం.మీ., అందులో తేట 4.5. రెండో వాయికి నీళ్ళు 450కి తగ్గిస్తే తేట 3.7. పాలు పల్చనవడం ఒక్కటే కారణమైతే ఇంకా దిగాలి.

రెండో వాయి బిళ్ళను చాకుతో అడ్డంగా కోసి చూస్తే ఆధారం దొరికింది. లోపలంతా 1, 2 మి.మీ. చిల్లులు, అచ్చం అట్టుకు పడ్డట్టు. అంటే లోపల గాలి పుడుతోంది.

మూడో వాయి అందుకోసమే. ఒకే పాలు, మూడు సన్నపాటి గాజు సీసాలు, మూడింటిలోనూ 8 సెం.మీ. ఎత్తు. ఒకదానికి తరవాణి తోడు, ఒకదానికి పచ్చిమిరప ముచ్చికల తోడు (రెండో తరం, అంటే ముచ్చికలు వేసి తోడుపెట్టిన మొదటి పెరుగులోంచి తీసినది), మూడోదానికి ఏ తోడూ లేదు. బొరోసిల్ సీసాలు కాబట్టి పక్కనుంచి స్కేలు పెట్టి కొలవడం కుదిరింది. 10 గంటల తర్వాత తోడు లేనిదాంట్లో పైన 1.2 సెం.మీ. మీగడ తేలింది, కింద పాలు తెల్లగానే ఉన్నాయి. కొలత అయ్యాక దాన్ని పారబోశాను, తోడు లేకుండా అంతసేపు వెచ్చగా ఉన్న పాలు తినకూడదు. తరవాణిదాంట్లో తేట మళ్ళీ 3.7, బిళ్ళ నిండా చిల్లులు. ముచ్చికలదాంట్లో తేట 2.1, చిల్లులు సున్నా.

లెక్క ఇలా వేసుకున్నాను. నూనె తేలడం వల్ల మీగడ కడుతుంది తప్ప తేట రాదు. తేట రావాలంటే పులుపుకి మాంసకృత్తులు ముద్దకట్టి నీరు వదలాలి. తరవాణిలో పుల్లదనం ఇచ్చేవాటితో పాటు గాలి పుట్టించేవీ, కొంత ఈస్టూ ఉంటాయి, ఆ బుడగలు ముద్దను బెలూన్‌లా పైకి లాగుతున్నాయి. 3.7లోంచి 2.1 తీసేస్తే 1.6 సెం.మీ. తప్పు తరవాణిదే. తరవాణి అన్నంలోకి, ఆవకాయ ముక్కతో, బంగారం. పల్లీ పాలకి తోడుగా మాత్రం వద్దు.

ముచ్చికల తోడు సంగతి కూడా చెప్పాలి. మొదటి తరం పెరుగు రుచిగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎనిమిది ముచ్చికలు కొంచెం కాయ అంటుకునే ఉండేలా తుంచి, 100 మి.లీ. పాలలో అర చెంచా చక్కెరతో వేస్తే 13 గంటలకు పల్చగా, కాస్త ఘాటుగా తోడుకుంటుంది. దాంట్లోంచి రెండు చెంచాలు తీసి తర్వాతి వాయికి వేస్తే ఘాటు పోతుంది. గులాబీ మచ్చ, జిగట, కుళ్ళు వాసన, వీటిలో ఏది కనిపించినా మొత్తం పారేయడమే, పైపైన తీసి వాడకూడదు.

నాలుగో వాయిలో సమయం మీద పడ్డాను. పులుపు ఎక్కువయ్యేకొద్దీ ముద్ద బిగుసుకుని నీరు కక్కుతుంది. పీహెచ్ కాగితం (పులుపు కొలిచేది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 10 గంటలకు 4 చూపింది, 6 గంటలకు 4.5 దగ్గర ఆగింది. 6 గంటలకే తీసి, సీసాను కదపకుండా చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెడితే తేట 1.2. ఈ కదపకుండా అన్నది తేలిగ్గా తీసుకోకండి. నాలుగో గంటలో తోడుకుందా లేదా అని ఒక సీసా ఊపి చూస్తే, ఆ సీసాలో తేట 0.5 ఎక్కువొచ్చింది. సగం కట్టిన ముద్ద విరిగితే మళ్ళీ అతుక్కోదు.

కాచడం గురించి ఒక మాట. పొంగు రాగానే దింపేస్తే పచ్చి వాసన పోదు, పెరుగు రవ్వరవ్వగా వస్తుంది. 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, అడుగు గీకుతూ. పల్లీ పాలు ఆవు పాలకన్నా త్వరగా అడుగంటుతాయి, ఆ మాడు వాసన ఏ పండుతోనూ దాగదు.

ఐదో వాయికి బియ్యప్పిండి 12 గ్రా. చల్లటి పాలలో కలిపి కాచాను. తేట 0.4కి పడిపోయింది. కానీ అది పెరుగు కాదు, పుల్లటి జావ. చెంచాకి సాగుతూ వచ్చింది. ఆరో వాయికి మొక్కజొన్న పిండి 6 గ్రా.తో సరిపెట్టి, ఇంకో పని చేశాను: కాచిన పాలను 65 డిగ్రీలకు చల్లార్చి మళ్ళీ మిక్సీలో 40 సెకన్లు తిప్పాను. కాచేటప్పుడు కలిసిపోయిన నూనె బొట్లు మళ్ళీ చిన్నవైపోతాయి, చిన్న బొట్టు నెమ్మదిగా తేలుతుంది, ఈలోగా పెరుగు కట్టేస్తుంది. తేట 0.3, జావతనం లేదు. వేడి పాలను మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగురుతుంది. జార్ మూడో వంతే నింపి, మూత మీద గుడ్డ వేసి పట్టుకోవాలి.

ఏడో వాయికి అదే పద్ధతి, కాకపోతే పల్లీలు 110, పలాస జీడిపప్పు బద్దలు 40 గ్రా. గుండు జీడిపప్పు కొనక్కర్లేదు, రుబ్బేదానికి బద్దలూ నూకా చాలు, రుచిలో తేడా రాదు. తేట 0.2. రుచి ఇప్పటిదాకా వచ్చినవాటిలో మేలు, పల్లీ వాసన వెనక్కి తగ్గింది.

అయినా చెంచా గుంటలో నీళ్ళు. 100 గ్రా. పెరుగు చెంచాతో తీసి జల్లెడలో పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే 22 గ్రా. నీరు కారింది. పండు ముక్కలు కలిపి పెట్టినదాంట్లో 31. పండులోని చక్కెర పెరుగులోంచి నీటిని లాగుతోంది, పండు తన నీటినీ వదులుతోంది, రెండూ కలిశాయి. నా అనుమానం, పిండి పెరుగు కట్టేదాకా ముద్దను తేలకుండా ఆపుతోంది గానీ, కట్టాక తెగిన చోట నీటిని పట్టుకునే బలం దానికి లేదు.

పళ్ళ విషయంలో తేలినవి: చక్కరకేళి, బంగినపల్లి, సపోటా, దానిమ్మ హాయిగా కలుస్తాయి. అనాస మాత్రం పచ్చిగా వేయకండి. 20 నిమిషాల్లో పెరుగు పల్చబడి చేదెక్కింది, మాంసకృత్తులను కోసే గుణం దానికుంది. దోరగా ఉన్న బొప్పాయిదీ అదే కథ. అనాస ముక్కలను 5 నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే ఏ పేచీ లేదు. సీతాఫలం గుజ్జు రుచికి అద్భుతం, గింజలు తీసే ఓపిక ఉంటే.

ప్రస్తుతానికి సర్దుబాటు ఏమిటంటే, గిన్నె అడుగున వేయించిన జొన్న అటుకులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఎండు ఖర్జూరం 15 గ్రా., వాటి మీద పెరుగు, ఆపైన పండు. కారిన నీటిని ఖర్జూరం తాగేసి మెత్తబడుతుంది, పది నిమిషాలకు అడుగు పొర హల్వాలా తయారవుతుంది. నిజానికి గిన్నె మొత్తంలో అదే బాగుంది. వేయించిన బాదం, గుమ్మడి గింజలు తినేముందు చల్లాలి, పది నిమిషాలు నానితే కరకర పోతుంది.

మిగతావి: నువ్వులు, ఖర్జూరం, అవిసె గింజల ఉండలు సమపాళ్ళలో బాగా వచ్చాయి, వారం నిలిచాయి. రాగి పిండి, మాగిన అరటిపండు అట్లు కుదిరాయి. పిండగా మిగిలిన పల్లీ పిప్పి 140 గ్రా., బెల్లం 60, రాగి పిండి 40 కలిపి 160 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాలిస్తే బిస్కెట్లు. అంచులు ఇంకాస్త కరకరలాడాలి, అంతే.

ఎనిమిదో వాయికి అగర్, సముద్రపు నాచు నుంచి తీసే గడ్డకట్టించే పొడి. సగ్గుబియ్యం పిండి కూడా తలపుకొచ్చింది గానీ ఆ సాగే గుణం నాకు పడదు. అగర్‌తో చిక్కేమిటంటే అది 40 డిగ్రీల కిందికి దిగితేనే గడ్డకడుతుంది, తోడు పెట్టేది 42 దగ్గర. కాబట్టి తోడుకునేటప్పుడు ముద్ద తేలకుండా అది ఆపలేదు, ఆ పనికి మొక్కజొన్న పిండి ఉండాల్సిందే. ఫ్రిజ్‌లోకి వెళ్ళాక తెగిన చోట నీరు పట్టే పని అగర్‌ది. 400 మి.లీ. పాలకు 0.8 గ్రా. అనుకుంటున్నాను, 2 గ్రా. దాటితే జున్నులా కోసుకు తినాలి.

అది కుదరకపోతే నూనె తగ్గించే దారి ఉంది. పచ్చి పాలను రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, తేలిన మీగడ తీసేసి, అడుగు పాలనే కాచడం. గానుగ పల్లీ చెక్కతో చేస్తే ఇంకా సులువు గానీ, అది ఎక్కువగా పశువుల దాణాకి పోయేది. ఏరిన పల్లీలు ఆడించారని తెలిస్తే తప్ప తెచ్చుకోను.

వంటింటి త్రాసు 1 గ్రాము దగ్గరే ఆగిపోతుంది, 0.8 చూపదు. అందుకని 5 గ్రా. అగర్‌ని అర లీటరు నీళ్ళలో కరిగేదాకా కాచి, వేడిగా ఉండగానే 80 మి.లీ. కొలిచి పాలలో పోస్తాను. రుబ్బే నీళ్ళలో ఆ 80 ముందే తగ్గించాలి. పల్లీలు ఈ రాత్రికి నానేస్తున్నాను.