కలబంద గుజ్జు, వెంటనే షుగర్ మాత్ర

మా అమ్మ పొద్దున్నే పెరట్లో కలబంద మట్ట కోసి, పసుప్పచ్చగా కారే ఆ చేదు జిగురు పోయేదాకా గోడకి నిలబెట్టి, కడిగి, లోపలి గుజ్జు మింగి, ఆ వెంటనే షుగర్ మాత్ర వేసుకుంటుంది. నాకు టెన్షన్ అక్కడే, గుజ్జు వల్ల మాత్ర ఒంటికి మరీ ఎక్కువగా పట్టేస్తుందేమోనని.

పేగు లోపలి పొరలో కణాలు కుట్టేసినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇన్సులిన్ లాంటి పెద్ద అణువు ఆ సందుల్లోంచి దూరలేదు, పైగా దారిలోనే జీర్ణమైపోతుంది, అందుకే సూది. 2009లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ల్యాబ్‌లో పేగు పొరకి నమూనాగా పెంచిన కాకో-2 అనే కణాల పొర మీద కలబంద గుజ్జు వేసి చూస్తే ఆ కుట్లు కాస్త వదులై ఇన్సులిన్ ఎక్కువగా దాటింది. ల్యాబ్‌లోనండీ, మనిషి పొట్టలో కాదు! యూట్యూబ్ వైద్యులు ఈ ముక్క మింగేస్తారు.

అన్ని జిగుళ్లూ ఒకటి కాదు కూడా. ఇసబ్‌గోల్ నీళ్లలో ఉబ్బి కొన్ని మందుల్ని తనలోనే పట్టి ఉంచేస్తుంది, అందుకే మాత్రకీ దానికీ రెండు గంటలైనా ఎడం ఉండాలంటారు.

"మందు బాగా పడితే మంచిదేగా" అంటుంది అమ్మ. మరీ బాగా పట్టి షుగర్ పడిపోతేనో? డాక్టర్ని అడిగేదాకా గుజ్జు బంద్ అన్నాను, రెండ్రోజులుగా నాతో మాటల్లేవు.